నక్షత్ర పటాలకు నిలయం కల్పించిన నవాబ్ జఫర్ జంగ్ బహదూర్

తెలుగు పల్లెలలో ఆరుబయట మంచం వేసుకొని పడుకున్న రైతునకు ఆకాశం తెరచి ఉంచిన గ్రంథం వంటిది. పిల్లలకోడి ఎంత పైకి వచ్చినదో చూచి జాము ఎంతైనదో చెప్పగలవారు, గొల్లకావడి వాలిన తీరును బట్టి తెల్లవారుటకు ఎంత వ్యవధి ఉన్నదో గ్రహించగలవారు నిన్న మొన్నటి దాకా మన గ్రామాలలో ఉండేవారు. ఆ పిల్లలకోడినే అరబ్బులు సురయ్యా అని పిలిచినారు. ఆ పేరును నేటికీ మన ఇండ్లలో ఆడపిల్లలకు పెట్టుకొంటున్నాము. నమాజు వేళలకు సూర్యగతి, ఈదుకు నెలవంక, పెండ్లి ముహూర్తానికి నక్షత్రం ప్రమాణాలు. ఏ మతస్థుడైనను, ఏ భాష మాట్లాడువాడైనను తల పైకెత్తి చూడవలసిన ఆకాశం ఒక్కటే. ఆ ఆకాశాన్ని శాస్త్రీయంగా కొలిచి, పటంగా వ్రాసి, రాబోవు తరాలకు అప్పగించవలెనన్న సంకల్పంతో మన దక్కను గడ్డ మీద ఒక వేధశాలను నెలకొల్పిన మహనీయుడు నవాబ్ జఫర్ జంగ్ బహదూర్. వారి జీవితాన్ని, వారి సంకల్పం వారి తదనంతరం పొందిన ఫలసిద్ధిని మన విద్యార్థులకు పరిచయం చేయుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదు రాజ్యంలో నిజాం వంశం తరువాత అంతటి ప్రతిష్ఠ గల పైగా ఉమరావుల కుటుంబానికి చెందినవారు. పైగా ప్రభువులనగానే జాగీర్లు, దేవిడీలు, వేట, విందులు మనకు స్ఫురించుట సహజం. కాని ఆ కుటుంబంలో మరొక సంప్రదాయం కూడా ఉండెను. ఆ వంశపు పూర్వికులలో రెండవ షంసుల్ ఉమరాగా ప్రసిద్ధి చెందిన నవాబ్ ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్దపు పూర్వార్ధంలోనే ఆధునిక విజ్ఞానం పట్ల అపారమైన ఆసక్తి చూపినారు. పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి, సొంత రాతి అచ్చు యంత్రం మీద ముద్రింపించినారు. సిత్తా-ఎ-షంసియా అను పేరుతో వెలువడిన ఆరు శాస్త్ర గ్రంథాల సంపుటి వారి కృషికి నిదర్శనం. ఇంగ్లీషు విద్య ఇంకను దక్కనులో వేళ్ళూనుకొనని ఆ రోజులలో దేశభాషలో భౌతిక శాస్త్రాన్ని, ఖగోళ శాస్త్రాన్ని చదువుకొనవచ్చునని నిరూపించిన ఇల్లు అది. అటువంటి ఇంట పుట్టిన వ్యక్తికి దూరదర్శిని మీద మనసు పోవుటలో ఆశ్చర్యం ఏమి కలదు?

జఫర్ జంగ్ నిజాం ప్రభుత్వంలో సైనిక శాఖా బాధ్యతలు వహించిన ఉన్నతాధికారి. పగలంతయు దర్బారు, ఫౌజు వ్యవహారాలు. రాత్రి అయిన తరువాత నక్షత్రాలు. ఈ రెండింటికి పొత్తు కుదరదని మనకు తోచవచ్చును. కాని జీవనోపాధి కొరకు కాక, కేవలం జిజ్ఞాస కొరకు ఆకాశాన్ని పరిశీలించు ఔత్సాహికులే చరిత్రలో ఖగోళ శాస్త్రానికి ఎంతో మేలు చేసినారు. సమర్‌ఖండ్ పాలకుడైన ఉలూగ్ బేగ్ రాజ్యభారం వహించుచునే 1437 నాటికి వేయికి పైగా నక్షత్రాల స్థానాలతో పట్టిక సిద్ధపరచినాడు. మన తెలుగు నాట విశాఖపట్టణంలో అంకితం వెంకట నరసింగరావు 19వ శతాబ్దంలో తమ సొంత ఇంటి ఆవరణలోనే వేధశాలను నడిపినారు. జఫర్ జంగ్ ఈ పరంపరకు చెందినవారు.

1901 ప్రాంతంలో వారు 15 అంగుళాల కటకం గల పెద్ద దూరదర్శినిని సంపాదించినారు. దానిని తయారు చేసినవారు ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో ప్రఖ్యాతి గడించిన గ్రబ్ సంస్థవారు. నాటికి మన దేశంలో అంతటి దూరదర్శినులు వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని మాత్రమే ఉండెను. హైదరాబాదు నగరం వెలుపల ఫిసల్ బండ అను చోట తమ ఎస్టేటులో వారు వేధశాలకు నాంది పలికినారు. ఆ స్థలనామంలో ఒక సొగసు కలదు: ఫిసల్ అను ఉర్దూ మాట, బండ అను తెలుగు మాట కలిసి ఆ పేరు ఏర్పడినది. రెండు భాషల నేల మీద, రెండు భాషల పేరు గల బండ పక్కన మన ఆధునిక ఖగోళ శాస్త్రం అడుగు మోపినది.

ఇచ్చట జఫర్ జంగ్ వ్యక్తిత్వాన్ని తెలుపు ఒక అంశం గమనింపదగినది. ధనికుడు తాను కొన్న వస్తువునకు తన పేరు పెట్టుకొనుట లోకరీతి. ఆయన అట్లు చేయలేదు. అప్పటి ఏలిక ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేర దానిని నిజామియా వేధశాలగా పిలుచుటకు 1901లోనే అనుమతి కోరినారు. తమ అనంతరం దానిని ప్రభుత్వం స్వీకరించి శాశ్వతంగా నడిపించవలెనని అభిలషించినారు. ఏలిక మెప్పు కొరకు పెట్టిన పేరని కొందరు భావింపవచ్చును. మాకు మాత్రం ఇందులో దూరదృష్టి కనిపించుచున్నది. వ్యక్తి ఆయువు అరవై డెబ్బది ఏండ్లు. నక్షత్రం కదలిక తెలియవలెనన్నను అన్ని ఏండ్లు కావలెను. ఒక మనిషి పేరున ఉన్నది ఆ మనిషితోనే ముగిసిపోవచ్చును. సంస్థగా నిలిచినది మాత్రమే నక్షత్రంతో సమానంగా ఓపిక పట్టగలదు. ఇస్లాం ధర్మంలో దాత మరణించిన తరువాత కూడ ప్రవహించుచుండు దానమును సదఖయె జారియా అంటారు. బావి త్రవ్వించుట, చెట్టు నాటించుట, విద్య నేర్పుట ఆ కోవలోనివి. ఒక వేధశాలను సమాజానికి వదలి పోవుట కూడ అటువంటిదే.

1907లో జఫర్ జంగ్ పరమపదించినారు. అప్పటికి వేధశాల తన అసలు పనిని ప్రారంభింపనే లేదు. ఆయన ఎంతో ఇష్టపడి తెప్పించిన పెద్ద దూరదర్శిని పూర్తిగా నెలకొల్పబడినది 1922లో. అనగా దాత కన్నుమూసిన పదునైదేండ్లకు. తాను నాటిన మొక్క పూవును కూడ చూడకుండ వెళ్ళిపోయిన తోటమాలి వలె ఆయన వెళ్ళిపోయినారు. ఆయన జీవితం వ్యర్థమైనదా అను ప్రశ్న ఇచ్చట తప్పక ఉదయిస్తుంది. దానికి సమాధానం ఆయన మరణానంతర చరిత్రయే చెప్పుచున్నది. కనుక ఈ జీవిత కథ 1907తో ముగియదు.

1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను స్వాధీనపరచుకొన్నది. ఆర్థర్ చాట్‌వుడ్ అను ఆంగ్లేయుడు ప్రథమ సంచాలకుడైనాడు. వేధశాల ఫిసల్ బండ నుండి బేగంపేటకు మారినది. ఆ సమయంలో ప్రపంచంలోని పలు వేధశాలలు కలిసి ఒక మహాయజ్ఞం సాగించుచుండెను. దాని పేరు కార్ట్ దు సియెల్. ఫ్రెంచి భాషలో ఆకాశ పటమని అర్థం. 1887లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభలో పారిస్ వేధశాలాధిపతి అడ్మిరల్ మూషే చొరవతో అది సంకల్పింపబడినది. ఆకాశాన్నంతటిని పట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించుట, ఛాయాచిత్రాల ద్వారా 11వ తరగతి కాంతి వరకు గల నక్షత్రాల స్థానాలను కొలిచి పట్టిక వేయుట, అంతకంటె మసకగా ఉన్నవాటిని పటంలో చూపుట దాని ధ్యేయం. మన కంటికి చీకటి రాత్రి కనిపించునవి 6వ తరగతి వరకే అని తెలిసికొన్నచో ఈ సంకల్పం ఎంత సాహసమైనదో అర్థం కాగలదు.

ఆకాశంలో దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల మధ్య పట్టీ మొదట దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు శాంటియాగో వేధశాలకు ఇవ్వబడినది. అక్కడ పని నెరవేరలేదు. ఆ పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చినది. ఆంగ్లదేశపు యార్క్ నగరంలో కుక్ సంస్థ తయారు చేసిన 8 అంగుళాల ఛాయాగ్రాహక దూరదర్శినితో పని సాగినది. చాట్‌వుడ్ తరువాత 1914లో పోకాక్ సంచాలకుడైనాడు. ఆయన 1918లో మరణించగా టి.పి. భాస్కరన్ శాస్త్రి ఆ బాధ్యత స్వీకరించి 1944 వరకు నిర్వహించినారు. తదుపరి అక్బర్ అలీ ఆ పీఠాన్ని అలంకరించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపింపబడిన పిమ్మట 1919లో వేధశాల ఆ విశ్వవిద్యాలయంలో భాగమైనది. నవాబు ఇచ్చిన దానము, ఆంగ్లేయుల ఆరంభము, దక్షిణాది బ్రాహ్మణ పండితుని దీక్ష, ముస్లిం శాస్త్రజ్ఞుని నిర్వహణ ఒకే పనికి వరుసగా తోడైన తీరు మన దక్కను సంస్కృతికి తగినట్లే ఉన్నది.

ఆ పని ఎట్టిదో విద్యార్థులు తెలిసికొనవలెను. ఈ పథకంలో ఒక్కొక్క గాజు పలక మీద ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ముక్క మాత్రమే పట్టును. పూర్ణచంద్రుని నాలుగు పక్కపక్కనే పేర్చినచో వచ్చు పొడవు అది. పలక మీద ముందుగానే సన్నని గళ్ళ గీతలు ముద్రింపబడి ఉండును. దూరదర్శిని నక్షత్రాలను వెంబడించుచు నిమిషాల తరబడి కాంతిని పలక మీదికి పంపుచుండగా, గడియారపు యంత్రంలో ఏ కొంచెం తడబాటు వచ్చినను చుక్క గీతగా సాగిపోవును. తరువాత పగటి పూట కొలత. ప్రతి నక్షత్రం ఏ గడిలో, ఏ గీతకు ఎంత దూరంలో ఉన్నదో సూక్ష్మదర్శినిలో చూచి అంకె వ్రాయవలెను. గణన యంత్రాలు లేని రోజులలో లక్షల అంకెలను చేతితో కూడి, తీసి, సవరించినారు. ఆ గుమాస్తాల పేర్లు నక్షత్రాలకు పెట్టబడలేదు. అయినను వారి అంకెలు నిలిచినవి. దక్షిణ పట్టీ పరిశీలన 1914 నుండి 1929 వరకు సాగినది. పిమ్మట జర్మనీలోని పాట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయలేకపోయిన ఉత్తర క్రాంతి 36 నుండి 39 డిగ్రీల పట్టీని కూడ హైదరాబాదు చేపట్టినది. 1917 నుండి 1946 వరకు 12 సంపుటాలు వెలువడినవి. వాటిలో నమోదైన నక్షత్రాలు 7,63,542.

ఈ సంపుటాలు చాల కాలం గ్రంథాలయాల బీరువాలలో మూగగా ఉన్నవి. సమస్త వేధశాలల పట్టికలు ముగియుటకు దశాబ్దాలు పట్టినందున ఆ మహాయజ్ఞమే నిష్ఫలమైనదని విమర్శించినవారు ఉన్నారు. కాని కాలం ఆ విమర్శకు జవాబిచ్చినది. 1989లో యూరపు ఖండ దేశాలు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను అపూర్వమైన సూక్ష్మతతో కొలిచినది. అయితే ఒక నక్షత్రం ఎటు, ఎంత వేగంగా జరుగుచున్నదో చెప్పుటకు నేటి స్థానం ఒక్కటే చాలదు. నిన్నటి స్థానం కూడ కావలెను. ఉపగ్రహానికి నిన్న లేదు. ఆ నిన్నను ఇచ్చినవి ఈ పాత గాజు పలకల కొలతలు. అమెరికా నౌకాదళ వేధశాలవారు అన్ని పట్టీల అంకెలను యంత్రాలకెక్కించి సుమారు 46 లక్షల నక్షత్రాల పట్టికగా 1997లో సంకలనం చేసినారు. దాని ఆధారంగా, మరికొన్ని పాత పట్టికల తోడ్పాటుతో, 2000లో టైకో-2 అను పట్టిక వెలువడినది. అందులో 25 లక్షల నక్షత్రాల స్థానాలు, కదలికలు ఉన్నవి. బేగంపేటలో తీసిన పలకలకును ఉపగ్రహపు చూపునకును మధ్య అరువది, డెబ్బది ఏండ్ల ఎడము కలదు. ఆ ఎడమే వాటి విలువ. జఫర్ జంగ్ సంకల్పం వ్యర్థం కాలేదు. ఫలించుటకు తగిన కాలం తీసికొన్నది, అంతే.

ఇప్పుడు మన విద్యార్థుల విషయానికి వస్తాము. నాడు ఒక నక్షత్ర పటం కావలెనన్నచో వేధశాల కావలెను, సంపుటాలు కొనవలెను. నేడు కంప్యూటరు ఉన్న విద్యార్థికి ఆకాశ పటాలు ఉచితంగా లభించుచున్నవి. వీటిలో ఏది ఎంచుకొనవలెనను సందేహం కలుగుట సహజం. స్విట్జర్లాండు దేశీయుడైన పాట్రిక్ షెవాలే తయారు చేసి ఉచితంగా పంచిపెట్టిన ఒక సాఫ్ట్‌వేరు పేరు కార్ట్ దు సియెల్ అనియే; మన హైదరాబాదు పాల్గొన్న మహాయజ్ఞపు పేరే అది. పటాన్ని కాగితం మీద అచ్చు తీసికొని పొలం గట్టుకు వెళ్ళదలచినవారికి, దూరదర్శినితో మసక నక్షత్రాలను వెదకదలచినవారికి అది తగినది. టైకో-2 వంటి పట్టికలను దానికి జతపరచుకొనవచ్చును. ఫ్రాన్సు దేశీయుడైన ఫాబియెన్ షెరో ప్రారంభించిన స్టెల్లేరియం ఆకాశాన్ని కంటికి కనిపించునట్లే చూపును. ఇప్పుడిప్పుడే చుక్కలను గుర్తుపట్టుట నేర్చుకొనువారికి అది మేలైనది. అందులో భారతీయ నక్షత్ర సంప్రదాయాన్ని, అబ్దుర్రహ్మాన్ సూఫీ వర్ణించిన అరబ్బుల ఆకాశాన్ని ఒకదాని తరువాత ఒకటి పరచుకొని చూడవచ్చును. లైనక్స్ కంప్యూటర్లు ఉన్నచోట కేస్టార్స్ అనునది కూడ ఉపయోగకరం.

ఎంచుకొనునప్పుడు నాలుగు విషయాలు గమనింపవలెనని మా మనవి. మొదటిది, ఒకసారి దించుకొన్న తరువాత ఇంటర్నెట్ లేకుండ పనిచేయవలెను. అడవి అంచు గ్రామాలలో సిగ్నలును నమ్ముకొని ఆకాశం చూడలేము. రెండవది, మన ఊరి అక్షాంశం, రేఖాంశం ఇచ్చుకొను వీలుండవలెను. పరదేశపు ఆకాశం చూచి మన ఆకాశాన్ని వెదకువాడు తికమకపడును. మూడవది, తెరను ఎరుపు రంగులోనికి మార్చు ఏర్పాటుండవలెను. తెల్లని వెలుగు పడిన కంటికి మరల చీకటి అలవాటగుటకు అరగంట వరకు పట్టును. నాలుగవది, ఉచితమను మాటను పరీక్షింపవలెను. కొన్ని ఉచితమని చెప్పి ప్రకటనలు చూపును, లేదా సెల్‌ఫోనులో కొన్ని సదుపాయాలకు రుసుము అడుగును. పైన చెప్పిన మూడింటిని కంప్యూటరులో ఎవరైనను వాడుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును, తెలిసినవారు లోపల ఏమున్నదో తెరచి చూచి మార్చవచ్చును. నవాబు వేధశాలను సమాజానికి ఇచ్చిన స్ఫూర్తియే వీటిలోను కనిపించుచున్నది.

పటానికి తగిన ఆకాశం కూడ కావలెను. బేగంపేట దీపాల వెలుగులో మునిగిపోవుటచేతనే ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్‌లో కొత్త వేధశాల నిర్మించి 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పవలసి వచ్చినది. మన నాగర్‌కర్నూలు జిల్లాకు ఆ లోటు తక్కువ. నల్లమల ముఖద్వారమైన మన్ననూర్ దాటితే సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి వేళ అడవిలో ప్రవేశం లేదు, ఉండరాదు కూడ. వన్యమృగాలకు చీకటి మనకంటె ఎక్కువ అవసరం. చెక్‌పోస్టుకు ఇవతల ఊరి పొలాలలో నిలిచినను చాలును. ఉత్తరాన ధ్రువ నక్షత్రం 16 డిగ్రీల ఎత్తున మాత్రమే కనిపించును. చేయి చాచి పిడికిలి పట్టినచో సుమారు 10 డిగ్రీలు, కనుక పిడికిలిన్నర ఎత్తు. దక్షిణానికి తిరిగినచో హైదరాబాదు కొలిచిన పట్టీ నడిమి ఆకాశంలో సుమారు 50 నుండి 57 డిగ్రీల ఎత్తున దాటిపోవును. మాఘ మాసపు సాయంకాలాలలో గొల్లకావడికి దక్షిణాన కుందేలు రాశిలోని అర్నబ్, నిహాల్ అను చుక్కలు ఆ పట్టీలోనివే. రెండును అరబ్బీ పేర్లు. వేసవి రాత్రులలో వృశ్చికపు శిరస్సున మెరయు అనూరాధ నక్షత్రంలోని రెండు చుక్కలు కూడ ఆ పట్టీలోనివే. అరబ్బీ పేర్లు, సంస్కృతపు పేరు ఒకే పట్టీలో పక్కపక్కన నిలిచి ఉన్నవి, కొలిచినవారు మనవారు.

నిజామియా వేధశాల ఆవరణలో తండ్రి ఉద్యోగ రీత్యా పెరిగిన బాలుడు వేణు బప్పు అనంతర కాలంలో భారతదేశపు అగ్రశ్రేణి ఖగోళ శాస్త్రజ్ఞుడైనాడు. దూరదర్శిని అందుబాటులో ఉన్న బాలునికి, లేని బాలునికి గల అంతరం అది. మన కళాశాల పాలక వర్గంవారికి మా విన్నపం ఒక్కటే. కంప్యూటరు గదిలోని యంత్రాలలో ఈ ఉచిత పటాలను వేయించవచ్చును. దానికి ఖర్చు లేదు. ఒక మంచి బైనాక్యులరు కొనిపించవచ్చును. దానికి ఖర్చు స్వల్పం. వెన్నెల లేని రాత్రి నెలకొకసారి ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి ఆకాశం చూచి, చూచిన దానిని తేదీతో సహా ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచవచ్చును. ఇవ్వాళ వ్రాసిన అంకె ఎవరికి పనికివచ్చునో మనకు తెలియదు. ఫిసల్ బండ మీద తన దూరదర్శినికి చోటు చూచుకొన్న నవాబుకు కూడ తెలియదు. అయినను ఆయన ఆ పనికి పూనుకొన్నారు.